రెండు బారల నీళ్లు: హకల్‌బెరీ ఫిన్ నుంచి భావనపాడు తంపర దాకా

ఈ ఎపిసోడ్‌లో ఒక అమెరికా నవల గురించి, మన శ్రీకాకుళం తీరంలో ఉన్న ఒక ఊరి గురించి కలిపి మాట్లాడుకుందాం. నవల పేరు హకల్‌బెరీ ఫిన్. ఊరి పేరు భావనపాడు. ఎక్కడి మిసిసిపీ, ఎక్కడి సంతబొమ్మాళి మండలం అని మీకు అనిపించొచ్చు. కాస్త ఓపిక పట్టండి.

ముందు రచయిత పేరు చూద్దాం. మార్క్ ట్వేన్ అనేది ఆయన అసలు పేరు కాదు. అసలు పేరు శామ్యూల్ క్లెమెన్స్. 1835లో పుట్టాడు. మిస్సోరీ రాష్ట్రంలో, మిసిసిపీ ఒడ్డున ఉన్న హానిబల్ అనే ఊళ్లో పెరిగాడు. కుర్రతనంలో ఆ నది మీద స్టీమర్లు నడిపే పైలట్‌గా పనిచేశాడు. స్టీమర్ పోతుంటే ముందు ఒకడు నిలబడి తాడు వేసి లోతు చూస్తుంటాడు. రెండు గుర్తుల లోతు, అంటే 12 అడుగులు తగిలితే 'మార్క్ ట్వేన్' అని కేకేస్తాడు. పడవకి ఢోకా లేదని అర్థం. మన మత్స్యకారులు కూడా లోతుని బారల్లోనే చెబుతారు కదా. రెండు చేతులూ చాపితే ఒక బార, దాదాపు ఆరడుగులు. అంటే భావనపాడు గంగపుత్రుడికి ఈ రచయిత పేరు తెలుగులో చెప్పాలంటే 'రెండు బారలు' అంటే సరిపోతుంది.

ఈ నవల 1884 చివర్లో ఇంగ్లండ్‌లో, 1885లో అమెరికాలో వచ్చింది. తెలుగులోకి నండూరి రామమోహనరావు గారు తీసుకొచ్చారు. మన తాతల తరంలో చాలామంది ఈ కథ ఆయన తెలుగులోనే చదివారు.

కథ క్లుప్తంగా చెప్తాను. హక్ పదమూడు, పద్నాలుగేళ్ల కుర్రాడు. తండ్రి తాగుబోతు, కొడతాడు. ఊళ్లో ఒక విధవరాలు వీణ్ని చేరదీసి మంచి బట్టలు వేసి, బళ్లో వేసి, ప్రార్థనలు నేర్పి మనిషిని చేద్దామనుకుంటుంది. వీడికి ఊపిరాడదు. ఒకరోజు తండ్రి బారి నుంచి తప్పించుకుని నదిలో ఉన్న ఒక దీవికి పారిపోతాడు. అక్కడ జిమ్ కనిపిస్తాడు. జిమ్ నల్లజాతి బానిస. ఆ విధవరాలి చెల్లెలి సొత్తు. ఆమె తనని 800 డాలర్లకి దక్షిణాదికి అమ్మేయబోతోందని విని పారిపోయి వచ్చాడు. ఇద్దరూ ఒక తెప్ప ఎక్కి నది వెంట బయల్దేరతారు.

ఇక్కణ్నుంచి నవల ఒక పద్ధతిలో నడుస్తుంది. నది మీద ఉన్నంతసేపు ప్రశాంతం. రాత్రి చుక్కలు చూస్తూ, చేపలు పట్టుకుంటూ, కబుర్లు చెప్పుకుంటూ పోతుంటారు. ఒడ్డెక్కిన ప్రతిసారీ ఏదో ఒక ఘోరం. రెండు పెద్ద కుటుంబాలు ఎందుకు మొదలైందో కూడా గుర్తులేని పగతో ఒకరినొకరు చంపుకుంటూ ఉంటాయి. ఇద్దరు మోసగాళ్లు, ఒకడు రాజునంటాడు, ఇంకొకడు డ్యూకునంటాడు, ఊరూరా జనాన్ని దోచుకుంటారు. అందుకే క్లాసుల్లో, గైడ్లలో ఈ నవల గురించి ఒక మాట కనిపిస్తుంది: నది అంటే ప్రకృతి, స్వేచ్ఛ. ఒడ్డు అంటే సమాజం, బంధనం. ప్రకృతి మంచిది, సమాజం చెడ్డది. పరీక్షలో ఇలా రాస్తే మార్కులు పడతాయి.

కానీ కథని జిమ్ వైపు నుంచి చదివితే ఈ లెక్క కుదరదు.

జిమ్ నదిని ఎంజాయ్ చేయడానికి రాలేదు. వాళ్ల ప్లాన్ ఏంటంటే, కైరో అనే ఊరి దగ్గర ఒహాయో నది వచ్చి కలుస్తుంది. అక్కడ స్టీమర్ ఎక్కి ఒహాయో మీదుగా బానిసత్వం లేని రాష్ట్రాలకి వెళ్లిపోవాలి. ఒక రాత్రి పొగమంచు కమ్మేస్తుంది. కైరో ఎప్పుడు దాటిపోయిందో తెలీదు. మిసిసిపీ పారేది దక్షిణానికి. అంటే ఆ స్వేచ్ఛ ఇచ్చే నదే జిమ్‌ని బానిసత్వం మరింత గట్టిగా ఉన్న చోటికి మోసుకుపోతోంది. నదికి జిమ్ మీద ప్రేమా లేదు, పగా లేదు. దాని వాలు అటు, అది అటు పారింది, అంతే.

మరి జిమ్‌కి కావాల్సిందేంటి? అతనే చెబుతాడు. స్వేచ్ఛ దొరికాక డబ్బు కూడబెట్టి భార్యని విడిపించుకోవాలి. తర్వాత ఇద్దరూ కష్టపడి ఇద్దరు పిల్లల్ని విడిపించుకోవాలి. చూడండి, జిమ్ సమాజం నుంచి పారిపోవట్లేదు. తన భార్యాపిల్లలతో మనిషిలా బతకగలిగే ఒక సమాజంలోకి వెళ్లాలనుకుంటున్నాడు. నది అతనికి ఇల్లు కాదు, దారి మాత్రమే.

ఇద్దరి మధ్య తేడా చివర్లో ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. హక్ తనని మళ్లీ ఎవరో దత్తత తీసుకుని నాగరికత నేర్పుతారేమోనని పడమటి 'టెరిటరీ'కి పోతానంటాడు. అది ఖాళీ జాగా అని వాడి ఊహ. చరిత్ర చూస్తే అది ఖాళీ కాదు. 1830లో అమెరికా ప్రభుత్వం ఒక చట్టం చేసి చెరోకీ లాంటి ఆదివాసీ జాతుల్ని తూర్పు నుంచి తరిమి తరిమి అక్కడికే పంపింది. నేటి ఓక్లహోమా ప్రాంతం అది. దారిలో వేలమంది చనిపోయారు. అంటే ఒకడు ఖాళీ అనుకున్న ప్రకృతి ఇంకొకరికి ఇల్లు. ఈ మాట గుర్తుపెట్టుకోండి. ఇప్పుడు మన తీరానికి వద్దాం.

టెక్కలి నుంచి సముద్రం వైపు వెళ్తే నౌపడ వస్తుంది, ఉప్పు మడులు కనిపిస్తాయి. దానికి దగ్గర్లో భావనపాడు, మూలపేట, కాకరాపల్లి, వడ్డితాండ్ర. ఈ ఊళ్ల మధ్య విశాలమైన చిత్తడి నేల ఉంది. అక్కడి జనం దాన్ని తంపర అంటారు. వానాకాలం పైనుంచి వచ్చిన వరద నీళ్లు ఇక్కడ విస్తరించి, నెమ్మదిగా సముద్రంలోకి పోతాయి. చేపలు దొరుకుతాయి, గడ్డి దొరుకుతుంది, పశువులు మేస్తాయి, అంచుల్లో వరి పండుతుంది. సోంపేట వైపు ఇలాంటి నేలనే బీల అంటారు.

ఈ తంపరకి దగ్గర్లో తేలినీలాపురం అనే ఊరు ఉంది. ఏటా చలికాలం ముందు గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు వందల సంఖ్యలో వచ్చి ఊళ్లోని చెట్ల మీదే గూళ్లు కడతాయి. సైబీరియా నుంచి వస్తాయని ఊళ్లో చెప్పుకుంటారు. నిజానికి ఈ గూడబాతులు మన దక్షిణాసియా పక్షులే. వాటి రెట్టలు ఇళ్ల మీద పడతాయి, వాసన ఉంటుంది, గోల ఉంటుంది. అయినా ఊరివాళ్లు వాటిని తోలరు. అవి రావడం శుభం అంటారు, రాకపోతే దిగులు పడతారు. ఆ పక్షులు తిండికి పోయేది తంపరకే. ఇక్కడ ప్రకృతి ఎక్కడ అయిపోయింది, సమాజం ఎక్కడ మొదలైంది అని గీత గీయమంటే ఎలా గీస్తారు? చింతచెట్టు ఊరిది. గూడు పక్షిది. చేప తంపరది. తంపర అందరిదీ.

మరి గీత ఎవరు గీశారు? దీనికి ఒక పాత ఉదాహరణ చెప్తాను. ట్వేన్ ఈ నవల రాస్తున్న రోజుల్లోనే, 1882లో, బ్రిటిష్ ప్రభుత్వం ఇండియా సాల్ట్ యాక్ట్ తెచ్చింది. ఉప్పు తయారీ సర్కారు గుత్తాధిపత్యం. లైసెన్సు లేకుండా ఉప్పు చేస్తే నేరం. నౌపడ తీరంలో సముద్రం ఉంది, ఎండ ఉంది, నేల మీద ఉప్పు దానంతటదే పేరుకుంటుంది. ఒకప్పుడు అది సముద్రం ఇచ్చేది. కాగితం మీద నాలుగు లైన్లు రాసేసరికి దాన్ని గీరి ఇంటికి తెచ్చుకున్నవాడు దొంగ అయ్యాడు. సముద్రం మారలేదు, ఎండ మారలేదు. దాని పేరు మారింది.

సరిగ్గా ఇలాంటిదే మన కాలంలో జరిగింది. 2008లో అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం శ్రీకాకుళం తీరంలో బొగ్గుతో నడిచే రెండు పెద్ద థర్మల్ ప్లాంట్లకి భూములిచ్చింది. ఒకటి సోంపేట బీలలో, సుమారు 970 ఎకరాలు. రెండోది కాకరాపల్లి తంపరలో, మొదటి దశే 1,320 మెగావాట్లు. ఈ రెండో దానికి కాగితాల మీద పెట్టిన పేరేంటో తెలుసా? భావనపాడు థర్మల్ పవర్ ప్రాజెక్ట్.

వివాదం అంతా ఒక్క ప్రశ్న చుట్టూ తిరిగింది. ఆ నేల ఏంటి? ప్రాజెక్టు వైపు కాగితాల్లో అది పెద్దగా పనికిరాని ప్రభుత్వ భూమి. ఊళ్లవాళ్ల లెక్కలో అది వేట, మేత, వరి, వేసవిలో తడి. ఇంకో భయం కూడా ఉంది. తంపరలో మట్టి పోసి ఎత్తు చేసి గట్లు కడితే, వానాకాలం వరద సముద్రానికి ఎటు పోవాలి? ఊళ్ల మీదకే కదా వస్తుంది అని రైతులు, మత్స్యకారులు అడిగారు. ఇది చదువుకున్న ఇంజనీరు అడగాల్సిన ప్రశ్న. ఏటా వరద చూసినవాళ్లు అడిగారు.

2010 జులై 14న సోంపేటలో పోలీసు కాల్పులు జరిగాయి. ఇద్దరు చనిపోయారు. అదే రోజు ఢిల్లీలో జాతీయ పర్యావరణ అప్పిలేట్ అథారిటీ ఆ ప్లాంటుకి ఇచ్చిన పర్యావరణ అనుమతిని రద్దు చేసింది. ఒకే తారీఖు గమనించండి. ఏ కాగితాన్ని అమలు చేయడానికి ఇక్కడ తుపాకీ పేలిందో, ఆ కాగితం చెల్లదని అక్కడ అదే రోజు తేలింది. ఈ పోరాటానికి అండగా నిలబడిన వాళ్లలో ఇ.ఎ.ఎస్. శర్మ గారు ఒకరు. ఆయన ఒకప్పుడు కేంద్ర విద్యుత్ శాఖ కార్యదర్శిగా చేసినవారు. కరెంటు విలువ తెలియని మనిషి కాదు.

కాకరాపల్లి దగ్గర మాత్రం పనులు ఆగలేదు. వడ్డితాండ్రలో జనం రిలే నిరాహార దీక్షల్లో కూర్చున్నారు. 2011 ఫిబ్రవరి 28న అక్కడా కాల్పులు జరిగాయి, ప్రాణాలు పోయాయి, ఇళ్లు కాలిపోయాయి. ఆ వెంటనే కేంద్ర పర్యావరణ శాఖ పనులు ఆపమంది. తర్వాత ఏళ్ల తరబడి కోర్టులు, అప్పులు, ఆగిన పనులు. ఆ ప్లాంటు నుంచి ఒక్క యూనిట్ కరెంటు రాలేదు. తంపర ముందులా లేదు, ప్లాంటూ లేదు.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. అమెరికా బానిసత్వం, మన భూమి పోరాటం రెండూ ఒకటే అని నేను అనట్లేదు. మనిషిని సంతలో అమ్మిన ఘోరానికి పోలిక ఉండదు. నేను చూపిస్తున్నది పద్ధతి. జిమ్ ఒక భర్త, ఒక తండ్రి. కాగితం అతన్ని 800 డాలర్ల సొత్తు అంది. తంపర వందల కుటుంబాల కూడు. కాగితం దాన్ని ఖాళీ భూమి అంది. ముందు పేరు మార్చాలి. పేరు మారాక మిగతా పని చట్టమే చూసుకుంటుంది.

నవల్లో నాకు బాగా నచ్చిన ఘట్టం కూడా కాగితం గురించే. హక్ చదివిన బళ్లో, వెళ్లిన చర్చిలో, పెరిగిన ఊళ్లో అందరూ చెప్పింది ఒకటే. పారిపోయిన బానిసకి సాయం చేయడం దొంగతనం, పాపం. వాడు అది నిజమనే నమ్మాడు. అయినా ఒకసారి బానిసల్ని వెతికే ఇద్దరు మనుషులు ఎదురైతే, తెప్ప మీద మా నాన్నకి మశూచి అని అబద్ధం అర్థమయ్యేలా చెప్పి వాళ్లని తరిమేశాడు. చివరికి జిమ్ ఎక్కడున్నాడో యజమానురాలికి ఉత్తరం రాస్తాడు. రాశాక మనసు తేలికైందనుకుంటాడు. కానీ జిమ్‌తో నది మీద గడిపిన రోజులు గుర్తొస్తాయి. తనకి నిద్ర పాడవకూడదని జిమ్ తన వంతు కాపలా కూడా కాసిన రాత్రులు గుర్తొస్తాయి. ఆ ఉత్తరం చించేస్తాడు, దీనికి నరకానికి పోయినా పర్లేదనుకుంటాడు. వాడు ప్రకృతిని ఎంచుకోలేదు. ఒక మనిషిని ఎంచుకున్నాడు. కాగితం ఒక మాట, కళ్లతో చూసింది ఇంకో మాట చెప్తుంటే, చూసిందాన్నే నమ్మాడు.

ఇప్పుడు రెండో వైపు కూడా మాట్లాడుకోవాలి, లేకపోతే నిజాయితీ ఉండదు. ప్రకృతి ఒడిలో హాయిగా బతికే పల్లె జనం అని మనం సిటీలో కూర్చుని అనుకోవడం తేలిక. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరి చెట్లు, జీడితోటలు నేలకూలాయి. ఒక కొబ్బరి మొక్క కాపుకి రావాలంటే ఏళ్లు పడుతుంది. ఆ ఒక్క రాత్రి కొన్ని కుటుంబాల పదేళ్ల ఆదాయం పోయింది. ఆ తర్వాత కావాల్సింది ఏంటి? రోడ్డు, కరెంటు స్తంభం, బియ్యం, నష్టపరిహారం. అన్నీ సమాజం ఇవ్వాల్సినవే. మిసిసిపీ పొగమంచుకి జిమ్ తెలియనట్టే, తిత్లీకి ఉద్దానం రైతు తెలీదు.

ఉపాధి సంగతి చూడండి. శ్రీకాకుళం జిల్లాకి 193 కిలోమీటర్ల తీరం ఉంది. అయినా ఇక్కడి మత్స్యకారులు వేటకి గుజరాత్‌లోని వేరావల్ దాకా వలస పోతారు. 2018 చివర్లో శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల మత్స్యకారులు అలాగే వెళ్లి సముద్రంలో పాకిస్తాన్ వాళ్లకి చిక్కారు. 20 మంది 2020 జనవరిలో వాఘా మీదుగా ఇంటికొచ్చారు. 2025లో వచ్చిన తండేల్ సినిమాకి ఆధారం ఈ సంఘటనే. నీళ్ల మీద గీత ఎవరికీ కనపడదు. దాటితే మాత్రం జైలు ఉంటుంది. హక్‌లా ఒడ్డు వదిలేసి పోతే సమాజం వదిలిపోతుందనుకోవడం ఎంత కష్టమో వాళ్లని అడిగితే చెబుతారు.

కాబట్టి పోర్టు కావాలి, పని కావాలి అనే కుర్రాళ్లు తప్పేం మాట్లాడట్లేదు. ఒకప్పుడు భావనపాడు పోర్టుగా అనుకున్నదే ఇప్పుడు మూలపేట పోర్టు. 2023 ఏప్రిల్ 19న శంకుస్థాపన జరిగింది. మూలపేట, విష్ణుచక్రం ఊళ్ల జనం దీనికోసం ఇళ్లు వదులుకోవాల్సి వచ్చింది. ఊరికి దగ్గర్లో పని దొరికితే వేరావల్ పోనక్కర్లేదని ఒక ఇంట్లో ఆశ. వల ఆరేసుకునే ఒడ్డు పోతే తండ్రి ఏం చేయాలని పక్కింట్లో భయం. ఒక్కోసారి ఆశ, భయం ఒకే ఇంట్లో ఉంటాయి. మనం ఈ వీడియో చూస్తున్న ఫోన్‌కి ఛార్జింగ్ కూడా ఏదో ఒక ఊరి పక్క ప్లాంటు నుంచే వస్తోంది.

అందుకే అభివృద్ధి కావాలా, ప్రకృతి కావాలా అని ఎవరైనా మిమ్మల్ని అడిగితే వెంటనే ఒక పక్క దూకకండి. ముందు మూడు ప్రశ్నలు అడగండి. ఈ నేలని కాగితంలో ఏమని రాశారు? అక్కడ బతికేవాళ్లు దాన్ని ఏమని పిలుస్తారు? ఇది పోతే పోవడానికి ఇంకో చోటు ఎవరికి ఉంది, ఎవరికి లేదు? హక్‌కి టెరిటరీ ఉంది. కంపెనీకి ఇంకో జిల్లా ఉంటుంది. నాకూ మీకూ ఇంకో ఊళ్లో అద్దె ఇల్లు దొరుకుతుంది. తంపర మీద బతికేవాడికి ఇంకో తంపర లేదు, తేలినీలాపురం పక్షికీ లేదు.

ట్వేన్ పేరుకి అర్థం లోతు కొలిచి చెప్పిన మాట అని మొదట్లో చెప్పుకున్నాం కదా. తాడు వేసి చూసినవాడు చెప్పేదాకా పైలట్ పడవని ముందుకి పోనివ్వడు. సోంపేటలో, కాకరాపల్లిలో తాడు వేసి చూసినవాళ్లు ఉన్నారు. ఇక్కడ లోతు ఇంత, వరద ఇటు పోతుంది, చేప ఇక్కడ గుడ్లు పెడుతుంది అని గట్టిగానే చెప్పారు. వినాల్సినవాళ్లు వినే లోపల ప్రాణాలు పోయాయి.

మీ ఊరి పక్కన చెరువో, బీలో, తంపరో, వాగో ఉంటే ఈ వారం ఇంట్లో పెద్దవాళ్లని దాని పేరు అడగండి. ఆ నీళ్లు ఎటు నుంచి వచ్చి ఎటు పోతాయో అడగండి. తర్వాత రెవెన్యూ రికార్డులో అదే నేలని ఏమని రాశారో చూడండి. రెండూ ఒకటే అయితే సంతోషం. వేరైతే మాత్రం, తర్వాతి కథ ఎక్కడ మొదలవుతుందో మీకు ముందే తెలిసినట్టు.